చేతులు మారుతూ వచ్చిన తీగ

సత్తువాచారి హౌసింగు బోర్డు వీధుల్లో మట్టి నేల ఉన్న ఇల్లు అరుదు. ఉన్న జాగాలో గోడ, గోడ పక్కన స్కూటరు, మేడ మెట్లు, మెట్ల కింద నీళ్ళ తొట్టి. అంతటితో సరి. అయినా ఒక తీగ మాత్రం చాలా ఇళ్ళలో చోటు సంపాదించుకుంది. కిటికీ కమ్మీకి కట్టిన సీసాలో, వరండాలో పాత పెయింటు డబ్బాలో, టీవీ పక్కన గాజు గ్లాసులో అది కనబడుతుంది. హృదయాకారపు ఆకు, ఆకు మీద పసుపు చారలు, కణుపు కణుపుకూ ఒక చిన్న ఊడ. గుడియాత్తంలో మగ్గం గుంత ఉన్న ఇళ్ళ వసారాల్లోనూ ఇదే తీగ, వేలూరు ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల వరండాల్లోనూ ఇదే తీగ.

దీనికి తెలుగులో వాడుక పేరు లేదు, తమిళంలోనూ లేదు. రెండు భాషల వాళ్ళమూ మనీ ప్లాంటు అనే అంటాం. పేరులోనే డబ్బు ఉంది కనుక ఇల్లాళ్ళు దాన్ని ఆగ్నేయ మూలన పెట్టాలని ఒకరంటే, తీగ కిందికి వేలాడకూడదని ఇంకొకరంటారు. అన్నిటికన్నా గట్టి నమ్మకం ఒకటుంది. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదట, అడక్కుండా తెంచుకొచ్చిందే బతుకుతుందట. ఈ నమ్మకాలను వెక్కిరించడం సులభం. దానికంటే ఈ తీగ ఎక్కడ పుట్టింది, ఎవరు పేరు పెట్టారు, ఎలా బతుకుతుంది అన్న సంగతులు విచారిస్తే ఎక్కువ లాభం. విచారించిన కొద్దీ ఒక విశేషం బయటపడుతుంది. ఈ తీగ చరిత్ర అంతా మనుషుల చేతుల చరిత్రే.

ఊరు మారిన ఇళ్ళు

సత్తువాచారి ఒకప్పుడు వేలూరు పక్కనున్న పల్లె. మదరాసు, బెంగుళూరు రోడ్డు పొడుగునా పెరిగి పట్నమయింది. కలెక్టరు కచేరి అక్కడికే చేరింది. 2011లో వేలూరు కార్పొరేషనులో కలిసిపోయింది. 1911 దాకా ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరు కేంద్రం. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా కాగా వేలూరు ఉత్తరార్కాటుకు కేంద్రమయింది. ఆ తర్వాత జిల్లా పేర్లూ ఎల్లలూ ఎన్నిసార్లు మారాయో పాఠకులకు తెలియనిది కాదు. చివరగా 2019లో రాణిపేట, తిరుపత్తూరు వేరుపడ్డాయి. గీతలు ఎటు మారినా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం వైపు నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వేలూరు చేరే జనం మాత్రం ఆగలేదు.

అలా వచ్చిన వాళ్ళ పాత ఇళ్ళలో పెరడు ఉండేది. పెరట్లో కరివేపచెట్టు, మునగచెట్టు, గోడవారన తమలపాకు తీగ. అద్దె ఇంటికి చెట్టు రాదు. తులసికోట సైతం కుండీ అయి వచ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ ఏ ఇబ్బందీ లేకుండా చేతిలో పట్టుకు రాగలిగింది మాత్రం మనీ ప్లాంటు ఒక్కటే. రెండు కణుపుల ముక్క తెంచి తడిగుడ్డలో చుడితే చాలు. మట్టి లేకున్నా నీళ్ళలో వేరు పెడుతుంది. ఎండ తక్కువైనా ఓర్చుకుంటుంది. పెరడు పోయిన ఇళ్ళకు ఇది సరిగ్గా అమరింది. డబ్బు తెస్తుందన్న మాట ఎలా ఉన్నా, డబ్బు ఖర్చు లేని పచ్చదనమన్న మాట నిజం.

తమలపాకు పోలిక, కంద బంధుత్వం

మొదటిసారి చూసినవాళ్ళు దీన్ని తమలపాకు అనుకోవడం సహజం. ఆకు రూపం అలాంటిదే, కణుపు దగ్గర వేరు పుట్టడం అలాంటిదే. పోలిక అక్కడితో ఆగిపోతుంది. తమలపాకు మిరియాల కుటుంబానిది. మనీ ప్లాంటు కంద, చేమ కుటుంబానిది. అంటే వంటింట్లో చేమగడ్డ పులుసు ఉడుకుతున్నప్పుడు కిటికీలోని తీగకు అది దాయాది వరస అన్నమాట.

ఈ బంధుత్వం ఉత్త శాస్త్రం మాట కాదు, ఇంట్లో పనికొచ్చే మాట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ళు సామెత చెప్పారు. కంద దురదకు కారణం కాల్షియం ఆక్సలేటు. ఇది సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కణాల్లో కట్టలు కట్టి ఉంటుంది. నమిలితే ఆ సూదులు నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. అందుకే కంద, చేమ వండేటప్పుడు బాగా ఉడికించడం, చింతపండు పులుసు పోయడం మన వంటవాళ్ళు తరతరాలుగా నేర్చిన ఉపాయం. మనీ ప్లాంటు ఆకులో, కాడలో ఉన్నవీ అవే సూదులు. పాకే బిడ్డ ఆ ఆకు నోట్లో పెట్టుకుంటే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, పెదవులు వాస్తాయి. పిల్లులకూ కుక్కలకూ అంతే. తమలపాకు పోలిక చూసి ఎవరూ నమలకూడదు. తీగను బిడ్డ చేతికందని ఎత్తున పెట్టడం వాస్తు కన్నా ముందు చూసుకోవలసిన విషయం.

పెట్టెలో ప్రయాణాలు

ఇంతకీ దీని సొంత ఊరేది? పసిఫిక్ మహాసముద్రం నడుమ సొసైటీ దీవులని ఒక దీవుల గుంపు ఉంది. అందులో పెద్దది తాహితీ. దానికి పడమట 17 కిలోమీటర్ల దూరంలో మూరియా అనే చిన్న దీవి. మనీ ప్లాంటుకు స్వస్థలం ఆ ఒక్క దీవేనని వృక్షశాస్త్రజ్ఞులు ఇవాళ అంగీకరిస్తున్నారు. ప్రపంచంలో సగం ఇళ్ళలో కనిపించే తీగకు పుట్టిల్లు మన తాలూకాలో ఒక మూలకు సరిపోయే దీవి.

అంత దూరపు దీవుల నుంచి మొక్కను ప్రాణంతో దాటించడం ఒకప్పుడు మాటలు కాదు. ఆ పక్క దీవి తాహితీ నుంచే బ్రిటిషు నౌకాదళం వారి బౌంటీ ఓడలో కెప్టెను బ్లై సీమపనస మొక్కలు వెయ్యికి పైగా ఎక్కించుకుని వెస్టిండీసు తోటలకు బయలుదేరాడు. 1789లో నావికులు తిరగబడి అతన్ని చిన్న పడవలో వదిలేశారు, మొక్కలను సముద్రంలో పారేశారు. తిరుగుబాటు లేకపోయినా ఓడ ప్రయాణంలో మొక్కలకు గండాలు చాలా. ఉప్పుగాలి, ఎండ, మంచినీళ్ళ కరువు. దారిలో చచ్చేవే ఎక్కువ.

ఈ చిక్కు విప్పినవాడు లండన్‌లో ఒక వైద్యుడు, పేరు నథానియేలు వార్డు. 1829లో ఆయన ఒక చిమ్మెట గూటిని తడిమట్టితో మూతవేసిన గాజుసీసాలో ఉంచాడు. కొన్నాళ్ళకు ఆ మట్టిలో ఒక పర్ణాంగపు మొలకా, ఒక గడ్డిపోచా లేచాయి. లోపలి తేమ ఆవిరై గాజుకు పట్టి మళ్ళీ మట్టిలోకే దిగుతోంది. నీళ్ళు పోయనక్కర లేదు, బయటి పొగా దుమ్మూ తగలవు. 1833లో అలాంటి గాజుపెట్టెలు రెండింటిలో మొక్కలు సర్ది సిడ్నీకి పంపితే అవి ప్రాణాలతో చేరాయి. ఆ తర్వాత చీనా తేయాకు హిమాలయాల తోటలకు వచ్చిందీ అలాంటి పెట్టెల్లోనే. సామ్రాజ్యాల తోటల వ్యాపారమంతా ఆ గాజుపెట్టె మీద నడిచింది.

యూరపులో అప్పుడే ఆకుల మొక్కల మోజు మొదలయింది. పూలు కాదు, రంగురంగుల ఆకులున్న ఉష్ణదేశపు మొక్కలు ధనికుల గదుల్లో ఉండాలి. ఆ మోజును పంటగా కోసుకున్న వ్యాపారుల్లో జాఁ లిండెన్ ఒకడు. లక్సెంబర్గులో పుట్టి, దక్షిణ అమెరికా అడవుల్లో మొక్కలు సేకరించి, 1869లో బెల్జియంలోని గెంట్ పట్నంలో పెద్ద నర్సరీ కొన్నాడు. 1880లో ఆయన, ఎదువార్ ఆంద్రే అనే పండితుడు కలిసి తమ తోటల పత్రికలో పసుపు చారల తీగ ఒకదాన్ని పరిచయం చేశారు. పోతోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. ఆరియస్ అంటే బంగారు వన్నెది. సాలమన్ దీవుల నుంచి వచ్చిందని రాశారు. సాలమన్ దీవులకూ మూరియాకూ మధ్య వేల కిలోమీటర్ల సముద్రం. తీగ లోకానికి పరిచయమయిన రోజునే ఊరు తప్పుగా నమోదయింది. ఆ పొరపాటు తర్వాతి పుస్తకాల్లో చాలాకాలం తిరిగింది.

నాలుగు పేర్లు

ఊరే కాదు, ఇంటిపేరు కూడా తప్పే అయింది. మొక్కల కుటుంబాలు తేల్చేది ముఖ్యంగా పూవును బట్టి. ఈ తీగ పూయదు. పూయని మొక్కను ఆకును చూసి ఏదో ఒక ప్రజాతిలో వేయవలసి వచ్చింది.

మొదట వేసిన పోతోస్ అన్న పేరు మన పొరుగుదే. సింహళంలో ఇలాంటి తీగను పోత అంటారు. దాన్ని లిన్నేయస్ లాటినులోకి తీసుకున్నాడు. అసలు పోతోస్ ప్రజాతి తీగలు మన పడమటి కనుమల్లో ఉన్నాయి. 17వ శతాబ్దం చివర కొచ్చిలో డచ్చి అధికారి వాన్ రీడ్ మలయాళ వైద్యుల సాయంతో కూర్పించిన 12 సంపుటాల హోర్తుస్ మలబారికుస్‌లో అలాంటి తీగ బొమ్మతో సహా ఉంది. ఇవాళ కూడా అమెరికాలో మనీ ప్లాంటును పోతోస్ అనే పిలుస్తారు. శాస్త్రం వదిలేసిన పేరు అంగడిలో మిగిలింది.

1908లో బెర్లిను వృక్షశాస్త్రజ్ఞుడు ఎంగ్లర్ దీన్ని స్కిండాప్సస్ ప్రజాతికి మార్చాడు. ఈ పేరుకీ మనకీ సంబంధం ఉంది. ఆయుర్వేదులు గజపిప్పలిగా వాడే తీగ స్కిండాప్సస్ అఫిసినాలిస్. దాన్ని మొదట శాస్త్రానికి పరిచయం చేసినవాడు రాక్స్‌బరో, సామర్లకోటలో తోట వేసి తెలుగుదేశపు మొక్కలకు బొమ్మలు గీయించిన కంపెనీ వైద్యుడు. అలా మన మనీ ప్లాంటు సుమారు యాభై ఏళ్ళ పాటు గజపిప్పలికి చెల్లెలుగా పుస్తకాల్లో చలామణి అయింది.

1962లో ఒక అరుదైన పూత దొరికింది. దాన్ని పరీక్షించాక స్కిండాప్సస్ కాదని తేలింది. రాఫిడోఫోరా అన్నారు. మళ్ళీ పరిశీలించి 1964లో బంటింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఎపిప్రెమ్నమ్ ప్రజాతిలో చేర్చాడు. గ్రీకులో ఆ మాటకు చెట్టు మాను మీద ఉండేది అని అర్థం. అప్పటి నుంచి దీని పేరు ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. దీని దగ్గరి జాతిలో ఇది ఒక రకమేనన్న వాదన నడుమ కొన్నేళ్ళు నడిచింది గానీ నిలవలేదు. 84 ఏళ్ళలో నాలుగు పేర్లు. పూవొకటి కనిపించకపోతే ఎంత పండితులకైనా ఊహే గతి.

పూయకపోవడానికి కారణం 2016లో తెలిసింది. మొక్కలు పూతకు రావడానికి జిబ్బరెలిన్ అనే హార్మోను కావాలి. దాని తయారీలో చివరి మెట్టుకు పనిచేయవలసిన జన్యువు ఈ తీగలో దెబ్బతిని ఉంది. పరిశోధకులు ఆ హార్మోనును బయటి నుంచి చల్లితే కొన్ని వారాల్లో పూమొగ్గ వచ్చింది. 1964 తర్వాత సాగులో ఇది తనంతట తాను పూసినట్టు నమోదు లేదు.

ఒక్క తీగకు కోటి ముక్కలు

పూవు లేదంటే కాయ లేదు, గింజ లేదు. గింజ లేని మొక్క గాలికి ఎగిరి, పక్షి కడుపులో దాగి ఊరు దాటలేదు. సముద్రాలు దాటిన దాని ప్రయాణమంతా ఎవరో ఒక కణుపు ముక్క కోసి, ఇంకొకరు దాన్ని నాటడం వల్లనే జరిగింది. అలా కోసి నాటినది బిడ్డ కాదు, అదే మొక్క. ఆ లెక్కన సత్తువాచారి కిటికీలో ఉన్న తీగ, సింగపూరు మేడ మీద ఉన్న తీగ, బెల్జియం అద్దాల గదిలో 1880లో వేలాడిన తీగ, ముక్కలై విడిపోయిన ఒకే ప్రాణికి దగ్గర దగ్గరగా వస్తాయి.

మనకిది కొత్త విద్య కాదు. తమలపాకు తోటలు వేసేవాళ్ళు గింజ కోసం చూడరు. అవిసె మొక్కలు నాటి, వాటి మొదట తీగ ముక్కలు పాతి, పెరిగిన కొద్దీ నారతో కట్టి ఎక్కిస్తారు. అరటి పిలకతో, చెరకు గడతో వస్తాయి. అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. అన్నీ ఒకే ప్రాణి అయినప్పుడు ఒకదానికి తగిలిన తెగులు అన్నిటికీ తగులుతుంది. 1950ల నాటికి అమెరికా ఖండపు ఎగుమతి తోటల్లో గ్రో మిషెల్ అనే అరటి రకం పనామా తెగులుకు అలాగే నాశనమయింది.

ఇక దొంగతనం మాట. ఆ నమ్మకానికి పక్కనే ఇంకో నమ్మకం ఉంది, మన ఇంటి మనీ ప్లాంటును ఒకరికిస్తే ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుందని. ఈ రెండూ ఒకే తాళానికి రెండు చెవులు. ఇచ్చేవారికి ఇవ్వడం తప్పు, కావలసినవారికి అడగడం తప్పు. మిగిలిన దారి రాత్రిపూట గోడ మీంచి చెయ్యి చాపడమే. అలా తెచ్చింది బతికితే నమ్మకం నిజమైందంటారు. అది బతికింది దొంగిలించినందుకు కాదు. పొరుగింటివారు బాగా పెంచిన తీగలో ముదురు కణుపు దొరికినందుకు, తెచ్చినవారు భయభక్తులతో చూసుకున్నందుకు. కణుపు లేని ఉత్త ఆకును ఎంత చాకచక్యంగా దొంగిలించినా అది చిగురు వేయదు.

ఇవ్వడం వల్ల మొక్క ఎంత దూరం పోతుందో చెప్పే చరిత్ర ఇంకొకటుంది. యూరపులో మనీ ప్లాంటు అనే పేరుతోనే పెంచే మరో మొక్క ఉంది, గుండ్రటి నాణేల్లాంటి ఆకులతో. శాస్త్రీయంగా పైలియా. అది చీనాలోని యునాన్ కొండల మొక్క. జార్జి ఫారెస్టు 1906లో సేకరించాడు, 1912లో పేరు పెట్టారు, తర్వాత పండితులు మరిచిపోయారు. 1944లో యుద్ధానికి చీనా విడిచిన నార్వే మిషనరీ ఎస్పెగ్రెన్ కుటుంబం ఆ మొక్కను పెట్టెలో వెంట తెచ్చుకుంది. కలకత్తా మీదుగా, మన దేశంలో కొంతకాలం ఉండి, 1946లో నార్వే చేరింది. పిలకలు పుట్టినప్పుడల్లా వాళ్ళు స్నేహితులకు ఇచ్చారు, ఆ స్నేహితులు తమ చుట్టాలకు ఇచ్చారు. స్కాండినేవియా అంతటా కిటికీల్లో అది నిండిపోయాక, ఏ నర్సరీ అమ్మని ఈ మొక్క ఏమిటని పండితులు వెతుక్కోవలసి వచ్చింది. 1980లలో గానీ దాని కథ బయటపడలేదు.

దీనికి ఎదురుగా నేటి అంగడి పద్ధతి చూడండి. 1930 నాటి అమెరికా చట్టం ప్రకారం ముక్కలతో పెంచే కొత్త రకాలకు పేటెంటు ఇస్తారు. మనీ ప్లాంటులో 'మంజుల' అనే తెల్లమచ్చల రకం ఉంది, పేరు మనదే. ఒక భారతీయుని పేర అమెరికాలో పేటెంటయింది. అక్కడ పేటెంటు గడువు ఉన్నంతకాలం ఆ రకాన్ని అనుమతి లేకుండా ముక్క కోసి నాటడం చట్టవిరుద్ధం. ముక్క అడగడమే దొంగతనమయ్యే కాలం ఒక రకానికి నిజంగానే వచ్చింది. మన ఇళ్ళలోని పాత పసుపు చారల తీగకు మాత్రం ఎవరి హక్కూ లేదు. అది అడిగినవారందరిదీ.

మన ఎండలో, మన నీళ్ళతో

చరిత్ర తెలిస్తే పోషణ దానంతట అదే తెలుస్తుంది. ఇది దట్టమైన చెట్ల నీడలో పుట్టింది కనుక వెలుతురు కావాలి, సూటి ఎండ వద్దు. వేలూరు కత్తెర ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. పడమటి కిటికీలో పెడితే ఆకు రెండు రోజుల్లో మాడుతుంది. అలాగని చీకటి మూలన పెడితే చావదు గానీ పసుపు చారలు తగ్గి ఉత్త పచ్చగా అవుతుంది. పసుపు భాగంలో ఆహారం తయారుచేసే పచ్చదనం తక్కువ. వెలుతురు లేనిచోట మొక్క ఆ విలాసాన్ని భరించలేదు. తూర్పు కిటికీ, ఉత్తరపు వరండా దీనికి అనుకూలం.

కుండీలో పెంచితే ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున రంధ్రం ఉంచాలి. వేలు గుచ్చి చూసి పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయాలి. ఈ తీగ ఇళ్ళలో ఎక్కువగా చచ్చేది దాహంతో కాదు, ప్రేమ ఎక్కువై వేరు కుళ్ళి. ఆకులు వరుసగా పసుపెక్కితే నీళ్ళు తగ్గించమని అర్థం. తెల్లటి పిండినల్లి పడితే సబ్బునీటి గుడ్డతో తుడిస్తే చాలు.

కిందికి వేలాడే తీగకు ఆకులు పోనుపోను చిన్నవవుతాయి. అదే తీగను కొబ్బరిపీచు చుట్టిన కొయ్యకు ఎక్కిస్తే ఆకు పెద్దదవుతుంది. అడవిలో 20 మీటర్ల ఎత్తు ఎక్కినప్పుడు ఆకు మీటరు దాకా పెరిగి అంచులు చీలికలవుతాయి. చాలామంది అది వేరే మొక్క అనుకుంటారు. మనం ఇంట్లో చూసేది దీని బాల్యదశ మాత్రమే. ఊతం దొరకని తీగ ఎన్నేళ్ళయినా చిన్నపిల్లగానే ఉండిపోతుంది.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాలారు ఒడ్డున నీటి కథ సుఖమైనది కాదు. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ళ ఫ్యాక్టరీల మురుగు పాలారులో కలిసి భూగర్భజలం ఉప్పెక్కింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీం కోర్టుకు ఎక్కితే 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. హాని జరిగేదాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్న సూత్రం, పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు న్యాయంలో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. దేశమంతా ఉదహరించే తీర్పు మన ఏటిది. అయినా బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న వీధులు ఇంకా ఉన్నాయి. ఆ నీళ్ళు పోస్తే మనీ ప్లాంటు ఆకు కొన గోధుమరంగుకు మాడుతుంది. వాన నీళ్ళు పట్టి పోస్తే మళ్ళీ వచ్చే చిగురు బాగుంటుంది. కుండీ మీద తెల్లటి పొర కడితే ఆ ఇంట్లో తాగే నీళ్ళ గురించి కూడా ఆలోచించాలి.

సీసాలో పెంచేవారికి ఇంకో హెచ్చరిక. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ మురికి కాలువ వెతకదు, ఇంట్లోని మంచినీళ్ళే దానికి ఇష్టం. సీసాలో నిలవ నీళ్ళు దానికి పురిటిల్లు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. కనుక వారానికి ఒకసారి నీళ్ళు మార్చాలి. మార్చడంతో సరిపోదు, గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గాజుకు అంటుకుని తడి లేకున్నా నెలల తరబడి ఉండగలవు. లోపలి గోడను బ్రష్షుతో రుద్ది కడగాలి. మూతి దగ్గర దూది కుక్కితే ఇంకా మంచిది. వానాకాలం జ్వరాల రోజుల్లో ఈ చిన్న పని ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

గాలిని శుద్ధి చేస్తుందన్న మాట కూడా విరివిగా వినబడుతోంది. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన చిన్న పెట్టెల్లో ఈ తీగతో సహా కొన్ని మొక్కలను పరీక్షించింది, లోపలి రసాయనాలు తగ్గాయి. ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్కకట్టారు. మామూలుగా గాలి ఆడే గదిలో కిటికీ చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. కిటికీ తెరవడం మేలు.

గోడ దాటితే

ఇంట్లో ఇంత సాధువైన తీగ బయట మరో రకం. కుండీ విసుగుపుట్టి చెట్టు మొదట్లో పారేసిన ముక్క అక్కడే వేరు పెట్టి మాను ఎక్కుతుంది, నేలంతా పరుచుకుంటుంది. కింద మొలిచే మొలకలకు వెలుతురు అందదు. శ్రీలంకలో కాండీ పట్నం నడుమనున్న ఉడవత్తకెలె అడవిలో ఇది నేలను కప్పేసి స్థానిక మొక్కలను అణచివేస్తోంది. పోత అన్న పేరు ఇచ్చిన దేశంలోనే ఆ పేరు తప్పుగా మోసిన తీగ అడవికి బరువయింది. గింజ లేని మొక్క అక్కడికి వెళ్ళిందీ మనిషి చేతి మీదుగానే. కాబట్టి కత్తిరించిన ముక్కలను చెరువు గట్టున, కొండ దారిలో పారేయకూడదు. ఎండబెట్టి ఎరువులో కలపాలి.

ఒక చిన్న దీవిలో పుట్టి, తప్పుడు ఊరితో, తప్పుడు ఇంటిపేర్లతో, గాజుగదుల్లో వేలాడి, చేతి నుంచి చేతికి మారి మన వీధికి చేరిన తీగ ఇది. దాన్ని నడిపించింది అదృష్టమూ కాదు, దొంగతనమూ కాదు. కోసి ఇచ్చేవారూ, నాటి నీళ్ళు పోసేవారూ ఉన్నంత కాలమే అది ఉంటుంది. ఎవరైనా అడిగితే రెండు కణుపుల ముక్క కోసి ఇవ్వండి. దానితో పాటు నాలుగు మాటలు కూడా ఇవ్వండి: దీని ఊరు మూరియా, పసిబిడ్డ నోటికి అందనివ్వవద్దు, సీసాను వారానికొకసారి రుద్ది కడగండి, గోడ అవతల పారేయవద్దు. మొక్క ఒకరి నుంచి ఒకరికి ఇన్నాళ్ళూ బాగానే చేరింది. ఇప్పుడు చేరవలసింది ఈ నాలుగు మాటలే.